కంచానికి మధ్య ఎక్కడ

అప్పలస్వామి మాస్టారి దగ్గరికి ప్రశ్న పట్టుకుని వెళ్లినవాళ్లెవరూ జవాబుతో తిరిగి రాలేదు. ఆయన గొప్పతనం అదేనని కొందరంటారు. ఆయనకి విసుగెక్కువ, అంతేనని నేనంటాను. ఉపాధ్యాయ శిక్షణ కాలేజీలో ఆయన చేతికింద తయారైన టీచర్లు మా నాగావళి నది చుట్టుపక్కల ప్రతి బళ్లోనూ ఒకరో ఇద్దరో ఉన్నారు. ఆయన రిటైరైనా వాళ్లు ఆయన్ని వదల్లేదు. ఆదివారం పూట ఆయన వరండాలో చేరతారు. హెడ్మాస్టర్ల మీద ఫిర్యాదులు, బదిలీల కబుర్లు, ఫోన్లో హాజరు ఎక్కలేదన్న ఏడుపు, అన్నీ అయ్యాక చివరికి ఎవరో ఒకరు ఆ పాత ప్రశ్నే బయటికి తీస్తారు. పిల్లలు వినడం లేదు, ఏం చెయ్యాలి అని. మాస్టారు కళ్లద్దాలు తీసి, పంచె అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని వీధిలోకి చూస్తూ కూర్చుంటారు. ఎప్పుడైనా ఓపికుంటే మాత్రం లేచి, "పద, చూద్దాం" అంటారు. ఆ ఒక్క మాట కోసమే ఇంతమంది వస్తారు.

మా బళ్లో లెక్కలు చెప్పే తవిటినాయుడు ఆ ఆదివారం వరండాలో అందరూ వెళ్లిపోయేదాకా కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. నేను అదే బళ్లో హిందీ పండిట్‌ని. మా సబ్జెక్టులో ఇరవై మార్కులొస్తే పాసు కాబట్టి పిల్లల ఉత్సాహం గురించి నన్నెవరూ అడగరు, నేనూ ఎవరినీ అడగను. నాయుడి సంగతి అలాక్కాదు. మాస్టారు తయారుచేసిన వాళ్లలో అతనంత మనసుపెట్టి పాఠం చెప్పేవాడు లేడని మాస్టారే ఒకసారి అన్నారు. అలాంటివాడు ఆ పూట దెబ్బతిన్న మనిషిలా ఉన్నాడు.

"నేను చెయ్యనిది లేదు మాస్టారూ," అన్నాడు. "ఫస్టొచ్చినోళ్లకి పెన్నులిచ్చాను. క్లాసుని వంశధార, నాగావళి, చంపావతి అని జట్లు కట్టి పోటీలు పెట్టాను. పాటలు కట్టాను. జవాబు చెప్పినోడికల్లా చప్పట్లు కొట్టించాను. గొప్పోళ్ల కథలు చెప్పాను. సొంత డబ్బులెట్టి రంగు సుద్దలు కొన్నాను. వారం రోజులు బాగుంటుంది, మళ్లీ అవే మొహాలు. ఏ ఒక్కడికీ నేను చెప్పేది కావాలని లేదు. కావాలనిపించడం ఎలగ మాస్టారూ? అదొక్కటి చెప్పండి."

మాస్టారు వీధిలోకి చూస్తున్నారు. నాయుడు అసలు సంగతి అప్పుడు చెప్పాడు. మండలాఫీసులో ఒక సీటు ఖాళీ అయింది. పేరుకి టీచరే, పని మాత్రం కంప్యూటరు ముందు. క్లాసు లేదు, పిల్లలు లేరు, అరుపుల్లేవు. తను వస్తానంటే తీసుకుంటామన్నారు. సోమవారం సాయంత్రంలోగా ఔనో కాదో చెప్పాలి.

"ఔననేద్దామనుకుంటన్నాను," అన్నాడు. "ఇంకా ఇరవయ్యేళ్ల సర్వీసుంది. అన్నేళ్లూ గోడకి చెప్పలేను మాస్టారూ. అలిసిపోయాను."

నాయుడు వెళ్లిపోతే మాకు ఇంకో లెక్కల సారు ఎప్పటికొస్తాడో ఎవరికీ తెలీదు. అంతకుముందు ఖాళీ వచ్చినప్పుడు సగం ఏడాది పిల్లలు లెక్కల పీరియడులో నా దగ్గర హిందీ కాపీలు రాసుకున్నారు. అది వాళ్లకీ నరకం, నాకూ నరకం. మాస్టారు నాయుడి మాట విన్నారో లేదో తెలియలేదు. మోకాళ్ల మీద చేతులానించి, ఒక మూలుగు మూలిగి, "రేపు మీ బడికొస్తాన్రా నాయుడూ. మెట్లెక్కువ లేవు కదా?" అన్నారు.

సోమవారం మధ్యాహ్న భోజనానికి ముందున్న పీరియడు తొమ్మిదో తరగతికి లెక్కలు. నాకు ఆ గంట ఖాళీ. మాస్టారిని ఆటోలోంచి దింపి, చెయ్యిపట్టుకుని తీసుకొచ్చి వెనకబెంచీలో కూర్చోబెట్టాను. పిల్లలు లేచి నమస్కారం పెట్టారు. నాయుడు వృత్తాల పాఠం, అంచు నుంచి అంచుకి గీసే జ్యాల సంగతి, మొదలుపెట్టాడు.

ఇక్కడ మా బళ్ల ఆచారం ఒకటి చెప్పాలి. టీచరు మాట సగం పలికి ఆపుతాడు, మిగతా సగం పిల్లలు అందుకుంటారు. టీచరు తల ఇస్తాడు, క్లాసు తోక పట్టుకుంటుంది. ఎవరు మొదలుపెట్టారో తెలీదు, నేనూ అలాగే చదువుకున్నాను. నాయుడు ఈ విద్యలో ఆరితేరినవాడు. "వృత్తంలో అన్నిటికన్నా పెద్ద జ్యాని ఏమంటాం? వ్యా..." అంటే "సం!" అని క్లాసు మోగింది. "అందులో సగం? వ్యాసా..." "ర్ధం!" "కేంద్రం నుంచి జ్యా మీదికి గీసిన లంబం ఆ జ్యాని సమద్వి..." "ఖండన చేస్తుంది!" వరండాలో పోయేవాడెవడైనా వింటే, ఆహా, ఎంత చురుకైన క్లాసు అనుకుంటాడు. ఇనస్పెక్షనుకి వచ్చినవాళ్లు అలాగే అనుకుని వెళ్లారు కూడా.

ఒకర్ని లేపి అడిగితే మాత్రం కథ వేరు. నాయుడు మూడో బెంచీలో ఢిల్లేశ్వరరావుని లేపాడు. వాడు పొడుగ్గా, ఎండిన చెరుకుగడలా ఉంటాడు, అన్నిటికీ సిద్ధంగా కనిపిస్తాడు. కేంద్రం అంటే ఏమిటని నాయుడు అడిగాడు. వాడు నోరు తెరిచి, నాయుడి మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఏమీ ఆలోచిస్తున్నట్టు లేదు, బస్సుకోసం చూస్తున్నట్టుంది. బస్సు రానే వచ్చింది. పిల్లవాడు అలా బిత్తరపోయి నిలబడితే నాయుడు చూడలేడు, అతని మంచితనం అలాంటిది. "వృత్తం మీద ప్రతి బిందువుకీ సమాన దూ..." అన్నాడు. "రంలో ఉన్నది సార్!" అన్నాడు ఢిల్లేశు హాయిగా, కూర్చున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాస్టారి వైపు చూశాను. ఆయన గడ్డం ఛాతీ మీద వాలిపోయి ఉంది. కునుకు తీస్తున్నారు. నాయుడు కూడా చూశాడు. పాపం, అతని చేతిలో సుద్ద ఒక్క క్షణం ఆగిపోయింది.

పాఠం అయిపోయింది. పీరియడు ఇంకా సగం మిగిలింది. నాయుడు వెనక్కి వచ్చి, పిల్లలకి వినిపించకుండా, "చూశారు కదా మాస్టారూ. గొంతులున్నాయి, మనుషుల్లేరు," అన్నాడు. మాస్టారు కళ్లు తెరిచి, "ఆఁ" అన్నారు. తర్వాత బెంచీల అంచులు పట్టుకుంటూ మెల్లగా బోర్డు దగ్గరికి నడిచారు.

మొదటి బెంచీలో పుణ్యవతి అనే అమ్మాయి ఉంది. మధ్యాహ్న భోజనానికి మా పిల్లలు కంచాలు ఇంటినుంచే తెచ్చుకుంటారు. ఆ పిల్ల సంచిలోంచి స్టీలు కంచం అంచు కనిపిస్తోంది. "అమ్మా, నీ కంచం ఒకసారి ఇటియ్యి," అన్నారు మాస్టారు. దాన్ని బోర్డుకి ఆనించి, చుట్టూ సుద్దతో గీశారు. ఒకచోట చెయ్యి జారి గీత తప్పితే కండువాతో తుడిచి మళ్లీ గీశారు. గుండ్రంగా, ఖాళీగా ఒక వృత్తం వచ్చింది. "దీనికి ఒక మధ్య ఉంటుంది..." అని ఆగారు, గుక్క తిప్పుకోవడానికి. క్లాసు వెంటనే "కేంద్రం!" అని అందుకుంది.

"అవును," అన్నారు మాస్టారు. "ఎక్కడ?"

కేంద్రం పెట్టుకుని వృత్తం గీయడం వాళ్లకి తెలుసు. వృత్తం ముందుండి కేంద్రం కనబడకపోతే ఏం చెయ్యాలో వాళ్లనెవరూ అడగలేదు. యాభై మొహాలు మాస్టారి మొహంలోకి చూస్తూ బస్సుకోసం నిలబడ్డాయి. మాస్టారు చేతికంటిన సుద్ద దులుపుకుంటున్నారు. నాకే ఇబ్బందిగా అనిపించింది. వెనకాల నాయుడు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాడు. మరి ఆగలేక, "ఏవైనా రెండు జ్యాలు తీసుకోండ్రా. వాటికి లంబ సమద్వి..." అన్నాడు. "ఖండన రేఖలు!" అని క్లాసు ఊపిరి పీల్చుకుంది. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

"మంచిది. ఎవరైనా వచ్చి ఆ మధ్య చూపించండి," అని మాస్టారు సుద్దముక్క చాచారు. ఎవరూ లేవలేదు. మాట నోటికొచ్చింది గానీ చేతికి రాలేదు. నాయుడు మళ్లీ నోరు తెరవబోయాడు. మాస్టారు అతని వైపు చూసి, "నాయుడూ, గొంతెండిపోతంది. కాస్త మంచినీళ్లు తెచ్చిపెట్టు బాబూ," అన్నారు.

పిల్లల్నెవరినైనా పంపొచ్చు. నన్నూ పంపొచ్చు. గురువు తన పేరు పెట్టి అడిగాక నాయుడు ఇంకొకరికి చెప్పే మనిషి కాదు. తాగే నీళ్ల క్యాను హెడ్మాస్టరు గదిలో, బడికి ఆ చివర ఉంటుంది. అతను తలుపు దాకా వెళ్లి, ఒకసారి వెనక్కి తిరిగి చూసి, వెళ్లాడు. అక్కడ హెడ్మాస్టరు పట్టుకుని ఆఫీసు సీటు సంగతి తేల్చమని నిలబెట్టేశారట, అది తర్వాత తెలిసింది.

మాస్టారు కుర్చీలో కూలబడి కళ్లు మూసుకున్నారు. నటన కాదు, మనిషి నిజంగానే అలిసిపోయాడు. మెడ దగ్గర నరం కొట్టుకోవడం నాకు కనిపిస్తోంది. పిల్లలు నా వైపు తిరిగారు. నేను హిందీ పండిట్‌ని, నాకేం తెలుస్తుంది? భుజాలెగరేశాను. తోక ఇచ్చేవాళ్లున్నారు గానీ తల ఇచ్చేవాడెవడూ గదిలో లేడు. బయట వంటావిడ గరిటె చప్పుడు వినిపిస్తోంది. సాంబారు వాసన వస్తోంది. అల్లరి మొదలవుతుందనుకున్నాను. మొదలైంది కూడా, వెనకబెంచీల్లో ఇద్దరు మోచేతులతో పొడుచుకున్నారు. అయినా బోర్డు మీద ఆ ఖాళీ గుండ్రం అలాగే ఉంది, దాన్ని చూడకుండా ఉండటం ఎవరివల్లా కావడం లేదు.

ముందు లేచింది ఢిల్లేశు. జవాబు తెలిసి కాదు, కూర్చోలేక. బల్లమీదున్న కంచం తీసి చూపుడువేలు మీద నిలబెట్టబోయాడు. "ఎక్కడ నిలబడితే అదే మధ్య, అంతే కదేటి?" అన్నాడు. కంచం వేలి మీద రెండు ఊపులూగి గచ్చు మీద పడి, బడంతా వినిపించేలా మోగింది. మాస్టారు కళ్లు తెరవలేదు. "నా కంచం నొక్కులు పడిపోతే మాయమ్మ నన్ను చంపేస్తాది," అని పుణ్యవతి గయ్యిమంది. కంచం లాక్కుని, తిప్పి చూసుకుని, "ఇదిగో, ఈ అంచు ఇంతకుముందే వంగుంది. ఇటుపక్క బరువెక్కువ. నీ వేలి మీద నిలబడినా అది మధ్య కాదు," అంది. అంటూ తనే ఆగిపోయింది, తను చెప్పిన మాట తనకే కొత్తగా వినిపించినట్టు. తర్వాత జడ రిబ్బను విప్పింది. వృత్తం మీద అడ్డంగా పట్టుకుని జరుపుతూ, ఎక్కడ అన్నిటికన్నా పొడుగొస్తుందో చూసి, ఆ రిబ్బను సగానికి మడిచి ఒక చుక్క పెట్టింది. "రిబ్బను సాగుతాది. లాగితే ఎక్కడికైనా వస్తాది," అని ఢిల్లేశు కొట్టిపారేసి, కంటి అంచనాతో తన చుక్కొకటి పెట్టాడు. వెనకబెంచీ నుంచి ఎవడో కాగితం మీద కంచం గీసి, కత్తిరించి, మడతలు పెట్టుకుంటూ వచ్చాడు. వాడి చుక్క ఇంకోచోట పడింది. ఇక చూడండి. ఎవరి చుక్క వాళ్లదే. ముందుకు తోసుకొచ్చి, ఒకరి మాట మీద ఒకరు పడి, "కాదు"లూ "ఎందుకు కాదు"లూ. ఒక్క మాట కూడా అందరూ కలిసి అనలేదు. అంత గోల మా బళ్లో ఆటల పీరియడులో కూడా వినలేదు.

నాయుడు నిండా నీళ్లున్న స్టీలు గ్లాసుతో పరుగులాంటి నడకతో వచ్చాడు. కంచం పడ్డ చప్పుడు అతనికి వరండా చివరికే వినబడిందట. కుర్చీలో గురువు కళ్లు మూసుకుని ఉన్నారు, ఆయన ముందే క్లాసు సంతలా ఉంది. అవమానంతో అతని మొహం ఎర్రబడింది. "ఏటిరా ఇది! కూర్చోండి!" అని అరవడానికి ఊపిరి పీల్చాడు. మాస్టారు కళ్లు తెరవకుండానే కుర్చీ చేతి మీంచి వేళ్లు కొంచెం పైకెత్తారు. నాయుడు ఆగిపోయాడు. అప్పుడు బోర్డు చూశాడు. ఒకదానికొకటి వేలెడేసి దూరంలో మూడు చుక్కలు, వాటి చుట్టూ దెబ్బలాడుకుంటున్న తన పిల్లలు. మూడు చుక్కలూ తప్పే.

పుణ్యవతి ముందుగా అతన్ని చూసింది. సగం జడ ఊడి, చేతులకి సుద్ద అంటుకుని, కోపంగా ఉంది ఆ పిల్ల. "సార్, మీరు చెప్పండి సార్! ఎవరిది రైటు?" అంది.

గోల టక్కున ఆగింది. అందరూ నాయుడి వైపు తిరిగారు. ఆ చూపులు నేనెప్పుడూ చూడలేదు. అతనూ చూసి ఉండడు. పెన్నులిచ్చినప్పుడు రాని చూపులు, పాటలు కట్టినప్పుడు రాని చూపులు. నిజంగా తెలుసుకోవాలని, ఇప్పుడే తెలుసుకోవాలని ఉంది వాళ్లకి. ఎన్నేళ్లనుంచో అతను కోరుకున్నది ఇదే. చేతికొచ్చి నిలబడింది. ఇవ్వడానికి అతని దగ్గర జవాబూ ఉంది. అతని పెదాలు కదలడం నేను చూశాను. ఆ "సమద్వి" అనే ముక్క అక్కడిదాకా వచ్చేసింది. మాస్టారి వైపు చూశాడు, సాయం కోసం. మాస్టారు కళ్లు మూసుకునే ఉన్నారు. నాయుడు గ్లాసెత్తి గటగటా నీళ్లు తాగాడు. మొత్తం తాగేశాడు. ఆఖరి గుక్క మింగకుండా, బుగ్గలు ఉబ్బించుకుని, అలా నిలబడిపోయాడు.

పిల్లలు ఆశగా చూశారు. ఎవరో కిసుక్కుమన్నారు. నాయుడు నవ్వలేదు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి సంతోషానివో, బాధవో నేను చెప్పలేను. అడిగినవాళ్లకి పెట్టకుండా ఉండటం అతనికి అలవాటు లేదు, ఒళ్లంతా నొప్పి పెట్టినట్టే ఉంది అతనికి. కాసేపటికి ఢిల్లేశుకి విసుగొచ్చింది. "సారు చెప్పరు గానీ, నువ్వా రిబ్బను ఇటియ్యి. రెండుసార్లు వేసి చూద్దాం, ఒకటి ఇలగ, ఒకటి అలగ," అన్నాడు. మొహాలన్నీ ఒక్కసారి అతన్ని వదిలేసి బోర్డు వైపు తిరిగిపోయాయి. తలుపు దగ్గర ఖాళీ గ్లాసుతో నాయుడు ఒక్కడే మిగిలాడు. ఆ క్షణంలో అతన్ని చూసి నాకు జాలేసింది.

భోజనం గంట కొట్టారు. అన్నం అన్నమే, చాలామంది పరిగెత్తారు. కొంతమంది ఆగారు. కేంద్రం అప్పటికీ దొరకలేదు, రెండు చుక్కలు మాత్రం కాస్త దగ్గరపడ్డాయి. పిల్లలు చెరిపిన చుక్కల సుద్దంతా మాస్టారి కండువా మీద పడింది. నేనూ నాయుడూ చెరో చెయ్యీ పట్టుకుని ఆయన్ని గేటు దాకా నడిపించాం. ఎండ మండిపోతోంది. వరండాలోంచి హెడ్మాస్టరు, "నాయుడూ, సాయంత్రంలోగా ఆ సంగతి తేల్చాలి, ఫోను మీద ఫోను చేస్తన్నారు!" అని కేకేశారు. నాయుడు తల ఊపలేదు, తిరిగి చూడలేదు. ఆటో ఎక్కబోతూ మాస్టారు ఎండిన పెదాలు తడుపుకున్నారు. నాయుడు అది చూసి సిగ్గుతో కుంగిపోయాడు. "మాస్టారూ, మీకని తెచ్చిన నీళ్లు నేనే తాగేశాను," అన్నాడు.

మాస్టారు ఆటో కమ్మీ పట్టుకుని కాసేపు రొప్పు తీర్చుకున్నారు. తర్వాత అతని భుజం మీద చెయ్యి వేశారు.

"పరవాలేదురా," అన్నారు. "రేపు కూడా తాగు."